నొక్కే ముందు ఒక్క లెక్క

ఈ మధ్య మీరు ఆన్‌లైన్‌లో పోకర్ ఆడి ఉంటే, పెద్ద పాట్ పోయిన ఒక హ్యాండ్‌ను గుర్తు తెచ్చుకోండి. ఎవరి దగ్గర ఏ ముక్కలున్నాయో, రివర్‌లో ఏది పడిందో మీకు బాగానే గుర్తుంటుంది. ఇప్పుడు ఇంకో ప్రశ్న. టర్న్‌లో అవతలి ఆటగాడు బెట్ వేసినప్పుడు మీరు కాల్ ఎందుకు నొక్కారు?

"ముక్క పడుతుందనిపించింది." "అప్పటికే చాలా పెట్టేశాను." "బ్లఫ్ చేస్తున్నాడనిపించింది." మీ జవాబు ఈ మూడింటిలో ఏదైనా అయితే ఈ అధ్యాయం మీకోసమే. మీకు ఆట రాదని కాదు. నియమాలు తెలుసు, దేని కన్నా ఏది పెద్దదో తెలుసు. ముక్క చూడటానికీ బటన్ నొక్కడానికీ మధ్య ఉండాల్సిన చిన్న లెక్క ఒక్కటే లోపిస్తోంది.

ఆన్‌లైన్‌లో ఆ లెక్కకు చోటు మరీ తక్కువ. బల్ల చుట్టూ కూర్చుని ఆడితే ముక్కలు కలపాలి, పంచాలి, చిప్స్ లెక్కపెట్టాలి. గంటకు పాతిక, ముప్ఫై హ్యాండ్లు నడిస్తే ఎక్కువ. తెర మీద అంతకు రెట్టింపు పైనే నడుస్తాయి. అంటే మీ చెడ్డ అలవాటు కూడా రెట్టింపు వేగంతో మీ చిప్స్‌ను తినేస్తుంది. అందుకే ముందుగా మార్చాల్సింది ఆ వేగాన్నే.

మొదట హద్దు తెలుసుకోండి

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ తెచ్చింది. "పోకర్ నైపుణ్యం ఉన్న ఆట కదా" అంటారా? నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు పెట్టి ఆడితే ఆ చట్టానికి ఒకటే. కాబట్టి మీరు ఇక్కడ ఉంటే ఉచిత చిప్స్‌తోనే ఆడండి. డబ్బు పెట్టి చిప్స్ ప్యాక్‌లు కొనకండి. చట్టం మా దాకా రాదని చెప్పే విదేశీ సైట్ల జోలికి వెళ్ళకండి.

అమెరికాలో సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళు 21 ఏళ్ళు నిండితే లైసెన్స్ ఉన్న సైట్లలో ఆడవచ్చు. డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్నవాళ్ళకు ఆ వీలు లేదు, టెక్సాస్‌లో ఆన్‌లైన్ పోకర్‌కు లైసెన్సులే ఇవ్వరు.

"ఉచిత చిప్స్ టేబుల్లో అందరూ ప్రతి హ్యాండూ ఆడేస్తారు, అక్కడ ఏం నేర్చుకుంటాం?" అని అడగవచ్చు. లెక్క నేర్చుకుంటాం, ఓపిక నేర్చుకుంటాం, కారణం చెప్పుకోవడం నేర్చుకుంటాం. ఈ అధ్యాయంలోని ఉదాహరణలన్నీ చిప్స్‌తోనే ఉంటాయి.

గెలిచినంత మాత్రాన ఒప్పు కాదు

మీ దగ్గర ఆసుల జత, అవతలి ఆటగాడి దగ్గర రాజుల జత. ఫ్లాప్‌కు ముందే ఇద్దరూ ఆల్ ఇన్. వంద సార్లలో దాదాపు 82 సార్లు మీరు గెలుస్తారు. మిగతా సార్లు అతనికి మూడో రాజు పడో, మరోలాగో పాట్ పోతుంది. పోయిన ఆ రోజు మీరు తప్పు చేశారా? లేదు. మళ్ళీ అదే హ్యాండ్ వస్తే మళ్ళీ అదే చేయాలి.

దీన్ని తిరగేసి చూడండి. అయిదు శాతం కూడా అవకాశం లేని చోట కాల్ చేశారు, రివర్‌లో ముక్క పడింది, పాట్ వచ్చింది. సంబరపడ్డారు. మిమ్మల్ని ఎక్కువగా దెబ్బతీసేవి ఇలాంటి గెలుపులే. ఓటమి కనీసం ఒక ప్రశ్న మిగులుస్తుంది. అదృష్టం తెచ్చిన గెలుపు తప్పుడు పనికి తీపి అంటించి వెళుతుంది.

2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్ పోటీలో అర్హత సంపాదించి, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో గెలిచి 25 లక్షల డాలర్లు అందుకున్నాడు. ఆ కథ విని లక్షల మంది ఆటలోకి దిగారు. ఆ పోటీలో కూర్చున్నవాళ్ళు 839 మంది. మిగతా 838 మంది కథలు ఎవరు చెబుతారు? వాళ్ళలో అతని కన్నా మంచి నిర్ణయాలు తీసుకుని ఓడినవాళ్ళు లేరని ఎలా అనగలం?

2017లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ తయారు చేసిన లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ నలుగురు నిపుణులను ఓడించింది. ఎవరు మెరుగో తేల్చడానికి వాళ్ళు ఆడిన హ్యాండ్లు 1,20,000. ఇరవై రోజులు పట్టింది. ఆ స్థాయి ఆటగాళ్ళకే అన్ని హ్యాండ్లు కావాల్సి వస్తే, ఒక శనివారం రాత్రి ఫలితాన్ని బట్టి మీ ఆటకు మార్కులు వేసుకోవడం న్యాయమేనా? మార్కులు నిర్ణయానికి వేసుకోండి. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. సగం నిర్ణయాలు ఆటకు ముందే తీసుకోండి

52 ముక్కల్లోంచి రెండు పంచితే 1,326 రకాలుగా రావచ్చు. ఏ గుర్తు అన్న తేడా వదిలేసి, రెండూ ఒకే గుర్తా కాదా అన్నది మాత్రమే చూస్తే 169 రకాలే మిగులుతాయి. వీటిలో ఏవి ఆడాలో గడియారం కొట్టుకుంటుండగా తేల్చుకోవాల్సిన పనేముంది? ముందే ఒక కాగితం మీద రాసి తెర పక్కన అంటించుకోండి.

ఆరుగురి టేబుల్ అయితే ఇలా మొదలుపెట్టండి. అందరికన్నా ముందు ఆడాల్సిన సీటులో ఉన్నప్పుడు వందలో పదిహేను హ్యాండ్లకు మించి ఆడకండి. పెద్ద, మధ్య జతలు, ఆసుతో పెద్ద ముక్క, ఒకే గుర్తున్న బొమ్మలు అంతే. బటన్ సీటులో ఉండి, మీ దాకా అందరూ ఫోల్డ్ చేస్తే వందలో నలభై దాకా ఆడవచ్చు.

మామూలుగా జరిగే తప్పు: "రెండూ ఒకే గుర్తు కదా" అని రాజు-నాలుగు లాంటివి ఆడేయడం. చేతిలో ఒకే గుర్తు ముక్కలు రెండున్నా, ఫ్లాప్‌లోనే ఫ్లష్ పూర్తయ్యేది దాదాపు 119 సార్లకు ఒకసారి. ఆ ఒక్కసారి కోసం మిగతా 118 సార్లు ఎంత పెడుతున్నారో ఆలోచించండి.

రమ్మీ ఆడిన చేతికి ఇది కొత్త కాదు. పాయింట్ల రమ్మీలో ముక్కలు బాగోలేకపోతే మొదటే డ్రాప్ చేసి 20 పాయింట్లతో బయటపడతారు. మధ్యలో వదిలితే 40, మొండికేసి కూర్చుంటే ఫుల్ కౌంట్ 80. పోకర్‌లో ఫోల్డ్ కూడా ఆ తొలి డ్రాప్ లాంటిదే. దాన్ని ఓటమి అనుకోకండి, చవకగా బయటపడటం అనుకోండి.

2. మీ సీటు చూసుకోండి

బటన్ సీటులో ఉన్నవారు ఫ్లాప్ తర్వాత ప్రతి రౌండులో చివర ఆడతారు. అవతలివాళ్ళు ఏం చేశారో చూసి నిర్ణయం తీసుకుంటారు. బ్లైండ్లలో ఉన్నవారు చీకట్లో ముందు అడుగు వేయాలి. రెండు ముక్కలూ అవే అయినా ఈ రెండు చోట్ల వాటి విలువ ఒకటి కాదు.

ముక్కలు చూసే ముందే "నా సీటు ఎక్కడ?" అని అడగడం అలవాటు చేసుకోండి. మామూలుగా జరిగే తప్పు: "బ్లైండ్ ఎలాగూ పెట్టేశాను, ఇంకొంచెం కలిపితే ఫ్లాప్ చూడొచ్చు" అనుకోవడం. పెట్టేసిన బ్లైండ్ ఇప్పుడు మీది కాదు, పాట్‌ది. ఇంకా పెట్టబోయేది ఒక్కటే మీ చేతిలో ఉంది.

3. ధర అడగకుండా కాల్ చేయకండి

బజారులో వంకాయలు కూడా ధర అడగకుండా కొనరు కదా. మరి కాల్ ఎందుకు కొంటున్నారు?

ఒక సందర్భం చూద్దాం. మీ చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు తొమ్మిది. టర్న్ దాకా పడిన నాలుగు ముక్కల్లో రెండు ఇస్పేట్లు. పాట్‌లో 600 చిప్స్ ఉన్నాయి. అవతలి ఆటగాడు 300 వేశాడు. ఏం చేయాలి?

ధర: మీరు 300 పెడితే మొత్తం పాట్ 1,200 అవుతుంది. 1,200లో 300 అంటే 25 శాతం. వందలో కనీసం 25 సార్లు గెలిస్తేనే ఈ కాల్ గిట్టుబాటు అవుతుంది.

అవకాశం: ఇస్పేట్లు మొత్తం 13, మీకు కనిపిస్తున్నవి నాలుగు, మిగిలినవి తొమ్మిది. మీరు చూడని ముక్కలు 46. తొమ్మిదిని 46తో భాగిస్తే 20 శాతం లోపే.

కావాల్సింది 25, ఉన్నది 20 లోపు. ఫోల్డ్. అదే ఆటగాడు 300 బదులు 150 వేసి ఉంటే? 900లో 150, అంటే 17 శాతం లోపే కావాలి. అప్పుడు కాల్. ముక్కలు అవే, ధర మారింది, నిర్ణయం మారింది.

"ఇస్పేటు పడ్డాక ఇంకా గెలుస్తాను కదా?" మంచి ప్రశ్న, దానికీ లెక్క ఉంది. 300 పెట్టి కాల్ చేస్తే, ఇస్పేటు పడిన ప్రతిసారీ రివర్‌లో అతని దగ్గర నుంచి సగటున ఇంకో 330 చిప్స్ పైన రాబట్టగలగాలి. మూడో ఇస్పేటు కనిపించాక కూడా అతను అంత ఇచ్చే రకమేనా? అతని ముందు అన్ని చిప్స్ ఉన్నాయా? రెండింటికీ అవును అంటేనే నొక్కండి.

ఈ మూడు అంకెలు కంఠతా పట్టండి. అవతలివారు పాట్‌లో మూడో వంతు వేస్తే మీకు 20 శాతం అవకాశం కావాలి. సగం వేస్తే 25. పాట్ మొత్తం వేస్తే 33.

మీ అవకాశం తెలియడానికి ఒక సులువు ఉంది. మిమ్మల్ని గెలిపించే ముక్కలు ఎన్నో లెక్కపెట్టి రెండుతో గుణించండి. రాబోయే ఒక్క ముక్కలో అది పడే శాతం దాదాపు అంతే. ఫ్లాప్‌లో ఆల్ ఇన్ అయి రెండు ముక్కలూ తప్పకుండా చూస్తామంటేనే నాలుగుతో గుణించాలి. మామూలుగా జరిగే తప్పు ఇక్కడే ఉంది: టర్న్‌లో ఇంకో బెట్ వస్తుందని తెలిసి కూడా నాలుగుతో గుణించి, 36 శాతం ఉందని మురిసిపోవడం.

4. బెట్ వేస్తే ఎందుకో ఒక్క మాటలో చెప్పండి

బెట్‌కు ముఖ్యమైన కారణాలు రెండే. మీ కన్నా తక్కువ ముక్కలున్నవారు కాల్ చేయాలి. లేదా మీ కన్నా మంచి ముక్కలున్నవారు ఫోల్డ్ చేయాలి. మీ బెట్‌తో ఈ రెండిట్లో ఏదీ జరగదనుకుంటే చెక్ చేయండి.

బ్లఫ్‌కు కూడా ధర ఉంది. 600 పాట్‌లో 300తో బ్లఫ్ చేస్తే, మూడింటిలో ఒకసారి అవతలివారు ఫోల్డ్ చేస్తే చాలు, నష్టం ఉండదు. 600తో చేస్తే రెండింటిలో ఒకసారి ఫోల్డ్ చేయాలి. "ఇతను మూడింటిలో ఒకసారైనా వదులుతాడా?" అని అడగండి. ఉచిత చిప్స్ టేబుళ్ళలో చాలామంది ఏదీ వదలరు. అక్కడ బ్లఫ్ మానేసి, మంచి ముక్కలు వచ్చినప్పుడు పెద్ద బెట్ వేయండి.

5. అవతలివారికి ఒకే హ్యాండ్ అంటగట్టకండి

"వాడి దగ్గర ఆసు-రాజు ఉంది, నాకు తెలుసు" అనకండి. "ఇలా ఆడే మనిషి దగ్గర ఏమేం ఉండవచ్చు?" అని అడగండి.

మీ దగ్గర రాణుల జత. గంట నుంచి నోరు మెదపకుండా ఫోల్డ్ చేస్తున్న ఆటగాడు ఒక్కసారిగా ఆల్ ఇన్ అన్నాడు. ఆసుల జత ఆరు రకాలుగా రావచ్చు, రాజుల జత ఆరు రకాలుగా. ఆసు-రాజు మాత్రం పదహారు రకాలుగా రావచ్చు. ఈ మూడింటితోనూ అతను ఇలాగే చేస్తాడనుకుంటే మీ గెలుపు అవకాశం 40 శాతం చుట్టూ ఉంటుంది. ఆసు-రాజుతో ఇలా చేసే రకం కాదనుకుంటే అది 18 శాతానికి పడిపోతుంది. ఇప్పుడు మూడో చిట్కాలోని ధరతో పోల్చి చూడండి.

అతని ముక్కలు ఏవో మీకు కచ్చితంగా తెలియనక్కరలేదు. ఆసు-రాజుతో ఇంత పని చేస్తాడా లేదా అన్న ఒక్క ప్రశ్న చాలు, నిర్ణయం తేలుతుంది. అందుకే మీరు ఫోల్డ్ చేసిన హ్యాండ్లలో ఫోన్ చూసుకోకుండా, అవతలివాళ్ళు చివర్లో ఏ ముక్కలు తెరిచారో చూడండి.

6. గడియారాన్ని పూర్తిగా వాడుకోండి

సైటు ఇచ్చే సమయం మీ హక్కు. కష్టమైన చోట ఈ మూడు ప్రశ్నలు వేసుకునే దాకా వేలు కదపకండి.

ధర ఎంత? నా అవకాశం ఎంత? ఈ పని అతను ఏయే ముక్కలతో చేస్తాడు?

మొదట్లో నెమ్మదిగా అనిపిస్తుంది. అడగ్గా అడగ్గా మూడూ కలిసి ఒక్క ఊపిరిలో వచ్చేస్తాయి. దీనికి తోడుగా మూడు పనులు చేయండి.

- ముందుగానే టిక్ పెట్టి ఉంచే "ఎంతైనా కాల్" బటన్‌ను అసలు వాడకండి. ధర తెలియకముందే ఒప్పుకున్నట్టు అవుతుంది.
- నెల రోజుల పాటు ఒక్క టేబులే తెరవండి. రెండోది తెరిచారంటే ఆలోచించే సమయాన్ని సగం చేసుకున్నట్టే.
- టీవీలో మ్యాచ్ చూస్తూ, తింటూ, వాట్సాప్ చదువుతూ ఆడకండి.

7. ఎప్పుడు లేవాలో కూర్చునే ముందే రాయండి

పెద్ద పాట్ పోయింది. చెవులు వేడెక్కాయి. తర్వాతి హ్యాండ్‌లో ఏడు-రెండుతో రైజ్ చేశారు. దీన్నే ఆటగాళ్ళు టిల్ట్ అంటారు. ఆ నిమిషంలో "నేను టిల్ట్‌లో ఉన్నానా?" అని అడిగితే మనసు "లేదు" అనే చెబుతుంది. అందుకే ఆ నిర్ణయాన్ని ఆ నిమిషానికి వదిలిపెట్టకూడదు.

కూర్చునే ముందు రెండు వాక్యాలు రాయండి. "గంట కాగానే లేస్తాను." "తెచ్చుకున్న చిప్స్ రెండుసార్లు ఖాళీ అయితే లేస్తాను." ఏది ముందు వస్తే దానికి లేవాలి. గెలుస్తున్నా గంట గంటే.

"పోయిన చోటే వెతుక్కోవాలి" అని మనవాళ్ళు అంటారు. పోకర్‌లో ఆ మాట వినకండి. పోయిన చిప్స్‌కు మీరు గుర్తుండరు. తర్వాతి పంపకానికి ముందు పంపకంతో సంబంధం లేదు.

చట్టం ఒప్పుకునే చోట డబ్బుతో ఆడేవారికి ఇంకో మాట. ఇంటి ఖర్చు, ఫీజులు, వాయిదాలు, పొదుపు పక్కన పెట్టాక మిగిలినదాంట్లోంచే ఆట డబ్బును విడదీయండి. కూర్చునే టేబుల్ బై-ఇన్‌కు ఇరవై, ముప్ఫై రెట్లు ఆ ఖాతాలో లేకపోతే, ఆ టేబుల్ మీకు పెద్దదని అర్థం.

ఆట కోసం అప్పు చేస్తున్నా, ఇంట్లో దాచి ఆడుతున్నా, లోన్ యాప్ తెరిచినా ఇక చిట్కాలతో పని లేదు. ఆట ఆపి, ఇంట్లో ఒకరికి చెప్పండి. మన దేశంలో టెలి మానస్ 14416కు, న్యూజెర్సీలో 1-800-426-2537కు ఫోన్ చేయండి. సాయం అడగడం మీరు తీసుకోగలిగిన మంచి నిర్ణయాల్లో మొదటిది.

8. ఫలితం రాయకుండా హ్యాండ్ రాయండి

ఆట అయ్యాక పది నిమిషాలు నోట్‌బుక్‌కు ఇవ్వండి. మూడు హ్యాండ్లు చాలు. మిమ్మల్ని ఆలోచనలో పడేసినవి ఎంచుకోండి. ఇలా రాయండి:

"టర్న్. పాట్ 600, బెట్ 300. ఇస్పేటు డ్రా, తొమ్మిది ముక్కలు. కావాల్సింది 25, ఉన్నది 20 లోపు. ఫోల్డ్ చేశాను. అతని దగ్గర ఇంకెన్ని చిప్స్ ఉన్నాయో చూడలేదు."

రివర్‌లో ఏం పడిందో రాయలేదు చూశారా? కావాలనే. ఫలితం కనిపిస్తే కళ్ళు అటే పోతాయి. ఆట తెలిసిన స్నేహితుడిని అడిగేటప్పుడు కూడా నిర్ణయం దగ్గరే ఆపేసి, "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగండి. చివర చెప్పేస్తే అతను మిమ్మల్ని ఓదారుస్తాడు, సలహా ఇవ్వడు.

మామూలుగా జరిగే తప్పు: ఓడిన హ్యాండ్లే రాయడం. మూడింటిలో ఒకటైనా గెలిచిన హ్యాండ్ ఉండాలి. చాలా తప్పులు అక్కడే దాక్కుని ఉంటాయి.

ఈ వారం చేయాల్సింది

ఎనిమిదీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఇవాళ మొదటి చిట్కాలోని కాగితం రాసి అంటించండి. రేపటి నుంచి రోజుకు గంట, ఒక్క టేబుల్, ఉచిత చిప్స్. ప్రతి కాల్‌కు ముందు ధరను పైకి అనండి: "ఇరవై." "పాతిక." "ముప్ఫై మూడు." ఇంట్లోవాళ్ళు వింతగా చూసినా ఫరవాలేదు. రోజుకు మూడు హ్యాండ్లు నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.

ఆరు రోజులకు పద్దెనిమిది హ్యాండ్లు అవుతాయి. ఏడో రోజు ఆడకండి. పద్దెనిమిదీ చదివి, ధరా అవకాశమూ రెండూ రాసి ఉన్నవాటి పక్కన టిక్ పెట్టండి. ఆరు టిక్కులు వచ్చినా నిరుత్సాహపడకండి, పోయిన వారం అవి సున్నా. వచ్చే వారం పదికి ప్రయత్నించండి. ఆ వారం మీ చిప్స్ పెరిగాయా తగ్గాయా అన్నది ముక్కల దయ. ఆ టిక్కులు మాత్రం ఒక్కొక్కటీ మీరు సంపాదించుకున్నవి.